వెర్లీన్ తెరిపించిన తలుపులు

వెర్లీన్ స్టిడమ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. సోర్‌వుడ్ వాగు పొడవునా, కొండ సందుల్లోంచి, ఒక పక్క బండ, ఒక పక్క నీళ్ళు, మధ్యలో బస్సుకి సరిగ్గా సరిపోయే రోడ్డు. ఆ రోడ్డు మీద ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరికి పాలపళ్ళు ఊడుతున్నాయో ఆవిడకి తెలుసు. నేనూ చిన్నప్పుడు ఆ బస్సెక్కినదాన్నే. ఇప్పుడు అదే వాగు పక్కన మా బాప్టిస్టు చర్చిలో పియానో వాయిస్తాను. కాబట్టి ఈ చెప్పేదాంట్లో సగం నా కళ్ళతో చూసింది, మిగతా సగం వాళ్ళ వాళ్ళ నోటివెంట విన్నది.

అప్పటికి ఆవిడకి అరవై నాలుగేళ్ళు. అక్టోబరులో ఒక సోమవారం పొద్దున నేపియర్ వాళ్ళ మలుపు దగ్గర బస్సు ఆపితే అక్కడ ఎవరూ లేరు. రోజూ పదేళ్ళ రేలిన్, దాని తమ్ముడు మ్యాడక్స్ నిలబడి ఉండేవాళ్ళు. వాడికి ఆరేళ్ళు. రేలిన్ వాడి చెయ్యి పట్టుకోదు, వాడి పుస్తకాల సంచి పట్టీ పట్టుకుంటుంది, పారిపోయే మేకపిల్లని పట్టుకున్నట్టు. వెర్లీన్ ఆగాల్సినంత సేపూ ఆగింది. ఆ పైన ఇంకో రెండు నిమిషాలు ఆగింది.

"వాళ్ళు రారు, మిస్ వెర్లీన్," అంది వెనక సీట్లో ఒక పిల్ల. "శుక్రవారం వచ్చి తీసుకెళ్ళిపోయారు. చంటిదాన్ని కూడా."

స్కూల్లో అడిగితే సంగతి తెలిసింది. పిల్లల తల్లి టోషా వృద్ధుల ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఒక పెద్దాయన్ని మంచం మీంచి లేపబోయి నడుం పట్టేసింది. నొప్పి బిళ్ళలతో మొదలైంది. నొప్పి పోయినా బిళ్ళలు పోలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒక అంగడి ముందు, కారులో, స్టీరింగు మీద తల వాల్చి స్పృహ లేకుండా కనబడింది. వెనక సీట్లో రెండేళ్ళ ఐవీ గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లిని ఆసుపత్రికి, పిల్లల్ని సంక్షేమ శాఖకి తీసుకెళ్ళారు. అలాంటి పిల్లల్ని కన్నవాళ్ళు బాగుపడే దాకా చూసుకునే ఫోస్టర్ ఇళ్ళు మా కౌంటీ, అంటే జిల్లా, మొత్తానికి రెండే. రెండూ నిండిపోయి ఉన్నాయి. ఐవీని పక్క కౌంటీకి, మ్యాడక్స్‌ని గంట దూరానికి, రేలిన్‌ని రెండున్నర గంటల దూరంలో ఏదో పట్నానికి పంపారు.

"అదేంటి, కుక్కపిల్లల్ని పంచినట్టు పంచేశారా?" అంది వెర్లీన్.

"ఎవరూ పంచలేదు, వెర్లీన్," అంది ఆఫీసులో ఆవిడ తల వంచుకుని. "చోటు లేదు. అంతే."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆర్బిన్ ఇరవై ఆరేళ్ళు బొగ్గు గనిలో చేసినవాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుపోయి, ముక్కుకి ప్రాణవాయువు గొట్టం పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉండేవాడు.

"ఆర్బిన్, ఆ పిల్లల్ని మనం తెచ్చుకుందాం."

"నా ఊపిరే నేను డబ్బాలో తెచ్చుకుంటున్నాను కదే," అన్నాడు ఆయన. ఒక నిమిషం ఆలోచించాడు. "పరిగెత్తి నా గొట్టం మీద పడతారేమో. సరే, తీసుకురా. పొడుగు గొట్టం వేయించుకుంటాలే."

సంక్షేమ శాఖలో మిస్ ప్రూయిట్ అనే అమ్మాయి మా కౌంటీ చూసేది. మంచి అమ్మాయి, కానీ నిబంధనలు ఆమె చేతిలో లేవు. ఒకటే పడగ్గది, ఇంట్లో ప్రాణవాయువు యంత్రం, రోజంతా కనిపెట్టుకుని ఉండాల్సిన రోగి. కుదరదంది. వెర్లీన్ బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చింది. "ముప్ఫై ఏళ్ళు ఈ కొండల్లో ఉన్న పిల్లలందర్నీ రోజుకి రెండుసార్లు నా చేతుల్లో పెట్టారు. ఇప్పుడు ముగ్గుర్ని పెట్టడానికి మీకు మనసు రాలేదా అనిపించింది," అని నాతో చెప్పింది తర్వాత.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని మళ్ళీ లోపలికెళ్ళింది.

"సరే, నేను పనికిరాను. ఎవరు పనికొస్తారో చెప్పు. ఎలాంటి ఇల్లు, ఎలాంటి మనుషులు, అన్నీ చెప్పు."

మిస్ ప్రూయిట్ గంటసేపు చెప్పింది. చివర్లో ఇంకో మాట అంది. "దొరికినవాళ్ళు కూడా ఏడాది తిరక్కుండా మానేస్తున్నారండీ, సగం మంది. పిల్లలు చెడ్డవాళ్ళని కాదు. ఒంటరైపోతారు. పిల్లలొచ్చిన మొదటి వారం అందరూ కేకులు తెస్తారు. రెండో వారం నుంచి ఎవరూ రారు."

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటంలో, పాస్టర్ గారు "ఎవరికైనా ప్రార్థన మనవులున్నాయా" అని అడగ్గానే వెర్లీన్ లేచి నిలబడింది. పిల్లల సంగతి చెప్పింది. "మీరు ప్రార్థన చెయ్యండి, నేను వద్దనను. కానీ దేవుడు మనం అడక్కముందే జవాబిచ్చాడని నా అనుమానం. ఈ గదిలో ముప్ఫై ఎనిమిది ఇళ్ళున్నాయి, లెక్కపెట్టాను."

అప్పుడు బర్ల్ కాడిల్ గొంతు సవరించుకున్నాడు. బర్ల్ మా చర్చి పెద్ద, గనిలో పైకప్పుకి బోల్టులు బిగించే పని చేసి రిటైరైనవాడు. భారీ మనిషి, పొదుపైన మాట.

"టోషా నేపియర్ పిల్లలేనా?"

"అవును, బ్రదర్ బర్ల్."

"జూలైలో మన ఏసీ మిషను పగలగొట్టి రాగి గొట్టాలు పీక్కుపోయి అమ్ముకున్న టోషా నేపియరేనా?"

అది నిజమే. ఆ వేసవంతా మేము విసనకర్రలు ఊపుకుంటూ ఆరాధన చేశాం. చెమటకి నా వేళ్ళు పియానో మెట్ల మీద జారిపోయేవి. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ, "అలాంటి తల్లికి మనం సాయం చేస్తే ఇంక భయమేముంటుంది?" అంది. ఇంకొకాయన, "పిల్లల మీద మమకారం పెరిగాక తీసుకెళ్ళిపోతారు. మన గుండెలు పగుల్తాయి," అన్నాడు.

"పగలనీ," అంది వెర్లీన్. "మనం పెద్దవాళ్ళం, మనకి పగిలినా అతుక్కుంటాయి. ఆరేళ్ళవాడి గుండె పగలకూడదు. ఇక బ్రదర్ బర్ల్, ఆ గొట్టాలు మ్యాడక్స్ మోశాడా? ఐవీ నిచ్చెన పట్టుకుందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. బర్ల్ నవ్వలేదు. అప్పుడే వెనక బెంచీ నుంచి లేసీ ఐసన్ లేచింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, కిరాణా కొట్లో పనిచేస్తుంది. మొగుడు గారెట్ కరెంటు స్తంభాలెక్కే పని. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేరు.

"మా దగ్గర చోటుంది," అంది లేసీ. "అంటే, లేదు. కానీ ఒక గది కట్టుకోవచ్చు. కానీ నాకు పిల్లల్ని పెంచడం తెలీదు. ముగ్గురంటే చాలా భయం."

"నీకు ముగ్గురు, నీ వెనక మేం ముప్ఫై ఎనిమిది ఇళ్ళు," అంది వెర్లీన్. "లెక్క నీవైపే ఉంది, తల్లీ."

ఆ శనివారమే చర్చి మగవాళ్ళు చెక్క పలకలు, మేకులు పట్టుకుని లేసీ ఇంటికెళ్ళారు. తొమ్మిదింటికి బర్ల్ ట్రక్కు కూడా వచ్చి ఆగింది. గారెట్ ఆశ్చర్యపోయి చూస్తుంటే, "అలా చూడకు," అన్నాడు బర్ల్. "ఆ దొంగముండ కోసం రాలేదు. మీరు కిటికీ వంకరగా పెడతారు, వచ్చే పోయే ప్రతిసారీ నాకు కంట్లో నలుసులా ఉంటుంది. అందుకొచ్చాను." ఆ గది రెండు శనివారాల్లో లేచింది. కిటికీ గుండు దారం పట్టి చూసినట్టు నిటారుగా ఉంది.

ఫోస్టర్ తల్లిదండ్రులకి పది వారాల శిక్షణ ఉంటుంది. అది గంటన్నర దూరంలో ఇస్తారు. వెర్లీన్ ఆ శిక్షణ ఇచ్చేవాళ్ళకి వరసగా నాలుగు రోజులు ఫోన్ చేసి, "మీరు ఒక్కరు ఇటొస్తే, మేం పద్నాలుగు మందిమి అటు రానక్కర్లేదు," అని ఒప్పించింది. చర్చి నేలమాళిగలో మంగళవారాలు తరగతి జరిగింది. లేసీ, గారెట్ ఇల్లు ఇస్తారు. మిగతా పన్నెండు మందిమి వాళ్ళ వెనక నిలబడేవాళ్ళం. ఎప్పుడైనా పిల్లల్ని కాసేపు చూడాలన్నా మాకు కూడా పోలీసు తనిఖీ, వేలిముద్రలు కావాలి. అందరివీ పడ్డాయి, బర్ల్‌వి తప్ప. నలభై ఏళ్ళు రాయీ ఇనుమూ పట్టుకుని ఆయన వేళ్ళు గాజులా నున్నగా అరిగిపోయాయి. రెండుసార్లు వెనక్కి పంపారు.

"నా చేతులకి ముద్రల్లేవంటే నేనే గొట్టాలు కోసుకుపోయుండాల్సింది, ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు," అన్నాడు. ఆ విషయంలో ఆయన వేసిన మొదటి జోకు అదే. వెర్లీన్ ఆయనకి ఒక లేపనం సీసా ఇచ్చి, మూడు వారాలు రాత్రిపూట రాసుకుని చేతికి గుడ్డ చుట్టుకోమంది. మూడోసారి వేలిముద్రలు పడ్డాయి.

"నువ్వెందుకు వేయించుకుంటున్నావసలు? నీకిష్టం లేదుగా?" అని వెర్లీన్ అడిగితే, "తరగతిలో కాఫీ బావుంటోంది," అన్నాడు.

ఫిబ్రవరిలో పిల్లలొచ్చారు. ముందు ఐవీ, నాలుగు రోజులకి మ్యాడక్స్, ఇంకో వారానికి రేలిన్. ముగ్గురి సామానూ చెత్త వేసుకునే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వచ్చింది. రేలిన్ కారు దిగి, గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఏడవలేదు, నవ్వలేదు. గబగబా వెళ్ళి వాడి చొక్కా ఎత్తి, వీపు చూసింది, చేతులు చూసింది, తల జుట్టు పాయలు తీసి చూసింది. ఐవీకీ అలాగే చేసింది. అంతా సరిగ్గా ఉన్నారని తేల్చుకున్నాక అప్పుడు కూలబడి కూర్చుంది.

మొదటి నెల లేసీకి నరకం కనబడింది. ఐవీ గంటలకొద్దీ ఏడ్చేది. మ్యాడక్స్ కోపమొస్తే కరిచేవాడు. రేలిన్ చెల్లెలికి స్నానం ఎవర్నీ చేయించనిచ్చేది కాదు, దిండు గలీబులో బిస్కెట్లు, ఉడికిన బంగాళాదుంపలు దాచేది. అవి బూజు పట్టి, ఇల్లంతా వాసన. ఒకరోజు మధ్యాహ్నం లేసీ ఐవీని చంకనేసుకుని వెర్లీన్ ఇంటి అరుగు మీదకొచ్చి నిలబడింది. జుట్టు దువ్వలేదు, కాళ్ళకి రెండు రకాల చెప్పులు.

"నావల్ల కాదు, వెర్లీన్. మిస్ ప్రూయిట్‌కి ఫోన్ చేసేస్తా. నేను మంచిదాన్ని కాదు. ఇవాళ వాడి మీద అరిచాను, గోడలు అదిరిపోయేలా."

వెర్లీన్ హితబోధ చెయ్యలేదు. చంటిదాన్ని అందుకుని ఆర్బిన్ ఒళ్ళో కూర్చోబెట్టింది. లేసీని లోపలి మంచం మీదకి తోసి దుప్పటి కప్పింది. "నాలుగు గంటలు నిద్రపో. లేచాక కూడా మానేయాలనిపిస్తే ఫోన్ నేనే చేస్తా." లేసీ నిద్రపోయింది. ఐవీ ఆర్బిన్ ముక్కు గొట్టం పట్టుకుని బుసబుస శబ్దం వింటూ, పుట్టాక మొదటిసారేమో అన్నట్టు, అరగంట ఏడవకుండా ఉంది. ఆలోపు వెర్లీన్ మాకందరికీ ఫోన్లు చేసింది. నేను రేలిన్‌నీ మ్యాడక్స్‌నీ స్కూలు నుంచి తెచ్చుకుని నా పియానో మీద చేతులు వేయించాను. ఇద్దరాడవాళ్ళు లేసీ ఇంటికెళ్ళి ఉతకాల్సిన బట్టలన్నీ పట్టుకుపోయారు. ఇంకొకావిడ కోడికూర, పిండి ఉండలు వండి పొయ్యి మీద పెట్టొచ్చింది. లేసీ లేచి ఇంటికెళ్ళేసరికి ఇల్లు సబ్బు వాసన వేస్తోంది.

ఫోన్ చెయ్యమని లేసీ అడగలేదు. ఆ రోజు నుంచి వారంలో ఏ రోజూ ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళకుండా ఉండలేదు. రెండో వారమే కాదు, ఇరవయ్యో వారం, నలభయ్యో వారం కూడా. రేలిన్ దిండు సంగతికి వెర్లీనే ఉపాయం చెప్పింది. ఒక మూత బిగిసే డబ్బా కొని, దాని మీద రేలిన్ పేరు రాసి, మంచం పక్కన పెట్టించింది. "ఇది నీదే, బంగారూ. ఎవరూ ముట్టుకోరు. అయిపోతే చెప్పు, నింపుతాం." రేలిన్ మొదటి వారం రోజుకి మూడుసార్లు నింపించుకుంది. వేసవి వచ్చేసరికి అందులో గోలీలు, రంగు పెన్సిళ్ళు పెట్టుకుంటోంది.

ఇక తల్లి సంగతి. టోషా మత్తు మాన్పించే కేంద్రంలో మూడు నెలలుండి, తనలాంటి ఆడవాళ్ళుండే ఒక ఆశ్రమానికి వచ్చింది. వారానికోసారి, గురువారం మధ్యాహ్నం, సంక్షేమ శాఖ గదిలో గంటసేపు పిల్లల్ని చూడొచ్చు. ఆశ్రమం నుంచి ఆ ఆఫీసుకి యాభై నిమిషాలు. ఆమెకి కారు లేదు, మా కొండల్లో స్కూలు బస్సు తప్ప వేరే బస్సుల్లేవు. రెండు గురువారాలు రాలేకపోయింది. పిల్లలు బొమ్మల గదిలో తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. రాకపోతే అది పిల్లల్ని తల్లికివ్వాలో వద్దో తేల్చే జడ్జి ముందుకు కాగితం మీద వెళ్తుంది.

వెర్లీన్ మళ్ళీ చర్చిలో లేచింది. "గురువారం మధ్యాహ్నం నేను బస్సులో ఉంటాను. ఎవరు తీసుకెళ్తారు టోషాని?"

పిల్లల కోసమంటే లేచిన చేతులు తల్లి కోసమంటే లేవలేదు. అందరం బూట్లు చూసుకున్నాం. నేనూ చూసుకున్నాను, దాచడం దేనికి.

"ఎన్నింటికి?" అన్నాడు బర్ల్.

ఆరు వారాలు బర్ల్ ఆ ట్రక్కులో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు యాభై నిమిషాలు, వచ్చేటప్పుడు యాభై నిమిషాలు. రేడియో కూడా పెట్టలేదు. టోషా కిటికీకి అతుక్కుని కూర్చునేది. ఏడో వారం తిరిగొస్తుంటే ఆమే నోరు విప్పింది.

"ఆ ఏసీ మీ చర్చిదని నాకు తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలుసు."

"మరి నన్నెందుకు తీసుకెళ్తున్నారు, మిస్టర్ కాడిల్?"

బర్ల్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు, అరవై ఏళ్ళుగా ఎవరికీ, పెళ్ళానికి కూడా, సరిగ్గా చెప్పని సంగతి. ఆయనకి ఏడేళ్ళప్పుడు గని పైకప్పు కూలి తండ్రి పోయాడు, ఆ చలికాలమే తల్లి జబ్బుతో పోయింది. ఆయన్ని ఇక్కడ ఒక బంధువు ఉంచుకున్నాడు, నాలుగేళ్ళ తమ్ముడు డెన్వర్‌ని ఒహాయో నుంచి వచ్చిన ఎవరో తీసుకెళ్ళారు.

"మళ్ళీ వాణ్ణి చూసేసరికి నాకు నలభై రెండు," అన్నాడు బర్ల్. "కరచాలనం చేసుకున్నాం. బ్యాంకు మేనేజరుతో చేసినట్టు. వాడు 'ప్రయాణం బాగా జరిగిందా' అన్నాడు. నేను 'జరిగింది' అన్నాను. అంతకు మించి మాటలు రాలేదు మా ఇద్దరికీ." మలుపు తిప్పి మళ్ళీ అందుకున్నాడు. "నీ పిల్లలు ముగ్గురూ ఒక్క గదిలో పడుకుంటున్నారు. ఆ కిటికీ నేను పెట్టాను. నువ్వు సరిగ్గా ఉంటే వాళ్ళు అలాగే ఉంటారు. అందుకని తీసుకెళ్తున్నా. ఇంక ఏడవకు, నాకు బండి నడపడం కష్టం."

సెప్టెంబరులో ఒక గురువారం టోషా బయటికి రాలేదు. ఆశ్రమంలో ఆమెతో ఉన్న పిల్ల ఒకతె మళ్ళీ మత్తు తీసుకుని చనిపోయిందని ముందు రోజే కబురొచ్చింది. టోషా సంచి సర్దుకుంది. ఎటో వెళ్ళిపోదామనే. బర్ల్ మెట్లెక్కి తలుపు కొట్టాడు.

"వెళ్ళిపోండి," అంది లోపల్నుంచి. "నేనూ అంతే అవుతాను. ఇవాళ కాకపోతే రేపు. పిల్లలు లేసీ దగ్గరే ఉండనివ్వండి, నాకంటే నయం."

"నీ ఇష్టం. నేనిక్కడ మెట్ల మీద కూర్చుంటున్నా. కూర్చున్నాక లేవలేను, మోకాళ్ళు రెండూ పోయాయి. కాబట్టి నువ్వొచ్చి చెయ్యి ఇచ్చేదాకా ఇక్కడే."

పావుగంటకి ఆశ్రమం వాళ్ళు వెర్లీన్‌కి కబురంపారు. ఆవిడ బస్సు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది. వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. టోషా బర్ల్ పక్కన మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆయన చేతిరుమాలు ఆమెకిచ్చి, పక్కకి తిరిగి ఆకాశం చూస్తున్నాడు. వెర్లీన్ రెండో పక్క కూర్చుంది. ప్రార్థన చేసింది, మరీ పొడుగు కాదు. తర్వాత, "పద. ఆలస్యమైనా పిల్లలు చూస్తున్నారు. మిస్ ప్రూయిట్‌కి చెప్పాను, ఆగుతానంది," అంది.

ఆ సాయంత్రం బొమ్మల గదిలో మ్యాడక్స్ తల్లికి అక్షరాలు కూడబలుక్కుని ఒక పుస్తకం మొత్తం చదివి వినిపించాడట. ఆ తర్వాత ఒక్క గురువారం కూడా ఆమె తప్పలేదు. క్రిస్మస్‌కి చర్చికొచ్చింది. వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చుంది. పాట అయ్యాక లేచి నిలబడి, "మీ ఏసీ నేనే పాడుచేశాను. క్షమించండి," అని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంది. అప్పుడు, ఏసీ లేని ఆ వేసవిలో ఎక్కువ సణిగిన ముసలావిడే లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, తన పాటల పుస్తకం ఇద్దరి మధ్యా పట్టుకుంది.

కోర్టు తీర్పు రోజు మే నెలలో వచ్చింది. చిన్న గది, నలభై కుర్చీలు. మేం డెబ్బై రెండు మందిమి వెళ్ళాం. కోర్టు బంట్రోతు, "ఇదేమైనా పెళ్ళా?" అని కసిరాడు. ఆర్బిన్ కూడా వచ్చాడు, చక్రాల కుర్చీలో, పొడుగు గొట్టంతో. జడ్జిగారు ఒకావిడ, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి గదంతా ఒకసారి చూసింది. కాగితాలన్నీ తిరగేసి, టోషా ఉద్యోగం, ఇల్లు, పరీక్షల ఫలితాలు అడిగింది. చివర్లో కాగితాల్లో లేని ప్రశ్న ఒకటి వేసింది.

"మిస్ నేపియర్, ఒకరోజు పొద్దున మీ కారు కదలదు. చంటిదానికి జ్వరం. మీకు ఆ రోజు మళ్ళీ బిళ్ళలు గుర్తొస్తున్నాయి. ఎవరికి ఫోన్ చేస్తారు?"

టోషా ఆలోచించలేదు. "కారుకి బ్రదర్ బర్ల్. ఆయన తిట్టుకుంటూ వస్తారు, కానీ వస్తారు. జ్వరానికి లేసీ, ఐవీకి ఏ మందు పడదో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. బిళ్ళలు గుర్తొస్తే వెర్లీన్. బస్సులో ఉంటే ఆర్బిన్ గారికి, ఆయనెప్పుడూ ఇంట్లోనే ఉంటారు." ఇంకా చెప్పుకుంటూ పోయింది. పదకొండు పేర్లు, కాగితం చూడకుండా. పేరు పిలిచినప్పుడల్లా గదిలో ఒకరు లేచి నిలబడ్డారు, ఆర్బిన్ చెయ్యెత్తాడు. నా పేరూ పిలిచింది. నేనూ లేచాను.

జడ్జి కళ్ళజోడు తీసేసింది. "పద్దెనిమిదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను," అంది. "ఈ ప్రశ్నకి చాలామంది 'ఎవరూ లేరు' అనే అంటారు." పిల్లల్ని తల్లికి అప్పగిస్తూ సంతకం పెట్టింది. ఆ గదిలో అరవకూడదు. మేం అరిచాం. బంట్రోతు కూడా చప్పట్లు కొట్టాడు, తర్వాత మమ్మల్ని బయటికి గెంటాడు.

లేసీకి ఆ వారం తేలిగ్గా గడిచిందని చెబితే అబద్ధం. మూడు కొత్త సూట్‌కేసులు కొని, బట్టలు మడతలు పెట్టి, తనే సర్దింది, మధ్యమధ్య స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చి వస్తూ. అప్పగించడానికి వెళ్ళినప్పుడు టోషా గుమ్మంలో ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"శనివారాలు మీరు రాకపోతే నేనూరుకోను. పిల్లల్నేసుకుని నేనే వచ్చి మీ ఇంట్లో కూర్చుంటా."

"వచ్చి కూర్చో," అంది లేసీ. "ఆ గది ఊరికే ఉండదనుకో. మిస్ ప్రూయిట్ నిన్ననే ఫోన్ చేసింది, అన్నదమ్ములు ఇద్దరట."

ఈ సంగతి కొండ దాటి పాకింది. పక్క వాగు మెథడిస్టులు వెర్లీన్‌ని పిలిచారు. ఊళ్ళో క్యాథలిక్ చర్చివాళ్ళు, పెంటెకోస్తువాళ్ళు పిలిచారు. ఆవిడ శనివారాల్లో బర్ల్‌నీ టోషానీ వెంటేసుకుని వెళ్ళేది. వెర్లీన్ సంగతి చెప్పేది, బర్ల్ కిటికీల కొలతలు చెప్పేవాడు. టోషా మాత్రం ఒక్కటే చెప్పేది. "ఆ పిల్లల తల్లిని అసహ్యించుకుంటూ ఆ పిల్లల్ని ప్రేమించలేరు. పిల్లలు కనిపెట్టేస్తారు." అది విన్నాక చేతులు లేచేవి.

నాలుగో ఏడు మార్చి నెలలో, ఒక మంగళవారం పొద్దున, మిస్ ప్రూయిట్ బస్సుల షెడ్డుకి స్వయంగా వచ్చింది. వెర్లీన్ టైర్లు చూసుకుంటోంది.

"మీకు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. నిన్న చివరి పిల్లవాడు తిరిగొచ్చాడు. ఈ కౌంటీ పిల్లలెవరూ ఇవాళ కౌంటీ బయట లేరు, వెర్లీన్ గారూ. ఒక్కరూ లేరు. ఇరవై ఒక్క ఇళ్ళున్నాయి, అందులో నాలుగు ఖాళీ. పిల్లల కోసం ఇళ్ళు ఎదురుచూస్తున్నాయి."

వెర్లీన్ అక్కడే బస్సు మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి ఆ అమ్మాయిని పట్టుకుని, ఆ గ్రీజు చేతులతోనే, షెడ్డు మధ్యలో గిరగిరా తిప్పింది. తోటి డ్రైవర్లు ఏమైందో తెలీకపోయినా ఈలలు వేశారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గడ్డిలో బల్లలు వేశాం. సూప్ బీన్స్, మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి, ఆపిల్ పొరల కేకు. ఆరు చర్చిల వాళ్ళొచ్చారు. సువార్త ప్రకటించడానికి రాలేదు, తినడానికే వచ్చారు. ఆర్బిన్ ఒంట్లో అప్పటికే ఓపిక తగ్గిపోయింది, ఆ శరదృతువులోనే పోయాడు. కానీ ఆ రోజు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఐవీ తెచ్చిపెట్టిన కేకు రెండు ముక్కలు తిన్నాడు. పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటే ఎవరు ఎవరింటి పిల్లలో, ఎవరు కన్నవాళ్ళో, ఎవరు పెంచుతున్నవాళ్ళో చూసి చెప్పడం నావల్ల కాలేదు. పదమూడేళ్ళు దాటిన రేలిన్ పియానో బయటికి మోయించి, నన్ను పక్కకి జరగమని తనే వాయించింది. రెండు తప్పులు చేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

పాస్టర్ గారు వెర్లీన్‌ని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ నోట్లో కోడి కాలు. చెయ్యి ఊపి, "తినేదాకా ఆగండి," అంది. మేం ఆగాం. తిన్నాక ఇంకో పళ్ళెం వడ్డించుకుంది.